నల్లగొండలో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు: మా నీళ్లతో, మా ఎండలతో అయ్యే పనేనా?

పానగల్లు టీచర్:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ, పానగల్లు వైపు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఇంట్లో ఆరేళ్ల నుంచి రెండడుగుల మంచినీటి ట్యాంకు ఉంది. అందులో పుట్టిన గప్పీలు, మోలీలు మా వాడకట్టులో సగం ఇళ్లకు చేరాయి. కాబట్టి చేపలు కొత్త కాదు, ఉప్పునీళ్లే కొత్త.

కిందటి దసరా సెలవుల్లో హైదరాబాద్‌లో మా ఆడబిడ్డ వాళ్లింటికి వెళ్లినప్పుడు, పై అంతస్తు వాళ్ల ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్లలో కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ట్యాంకు చూశాం. అందులో జీనియా అనే మెత్తటి కోరల్ ఉంది. వేలెడు కాడల చివర చిన్న చిన్న చేతులు. గుప్పిట మూస్తాయి, తెరుస్తాయి, మళ్లీ మూస్తాయి. నీటి ఊపుకు కదలడం కాదు, దానంతట అదే చేస్తోంది. మా బాబు ఎనిమిదో తరగతి. వాడు దాని ముందు నుంచి అరగంట కదల్లేదు. నేనూ కదల్లేదు. ఇంటికి వచ్చాక ఇద్దరం కలిసి నాలుగు నెలలు చదివాం, వీడియోలు చూశాం. కానీ అవన్నీ చలి దేశాల వాళ్లవి. నీళ్లు వేడి చేయడం ఎలాగో చెప్తారు తప్ప, మే నెలలో 44 డిగ్రీల్లో చల్లగా ఉంచడం ఎలాగో ఎవరూ చెప్పట్లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

అనుకున్నది ఇదీ: మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు. లెక్క వేస్తే 190 లీటర్లు వస్తోంది, రాళ్లూ ఇసుకా పోను 160 లీటర్ల నీళ్లు పట్టొచ్చు. హాల్లో పెట్టాలని. రెండు క్లౌన్ చేపలు, కొన్ని మెత్తటి కోరల్స్, అంతే. పెద్ద ఆశలు లేవు.

మొదటి అనుమానం నీళ్ల గురించి. మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) 1100. నల్లాకు కృష్ణా నీళ్లు వస్తాయి, అవి నయం. వంటింట్లో ఆర్వో ఉంది, దాని నీళ్లు మీటరు పెడితే 60 చూపిస్తోంది. అది సరిపోతుందా? మా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. అది కోరల్స్‌కు హాని చేస్తుందా? లేకపోతే మా మరిది నెలకోసారి బాపట్ల వెళ్తాడు, సూర్యలంకలో సముద్రపు నీళ్లే క్యాన్లలో పట్టుకురమ్మంటే మేలా?

ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాన్నది మర్రిగూడ మండలం. ఊళ్లో బోరింగు నీళ్లు తాగి పెరిగిన మనిషి. నడుము వంగదు, మెడ తిరగదు, కూర్చుంటే లేవడానికి మనిషి సాయం కావాలి. నేను ఈ ట్యాంకు మాట ఎత్తగానే, "మంచినీళ్ల కోసం మా బతుకంతా పాయె. నువ్వు మంచినీళ్లల్ల ఉప్పు కలుపుతవా బిడ్డా?" అన్నాడు. కోపంగా అనలేదు. కానీ ఆ మాట నన్ను వదలట్లేదు. ఆర్వోలో ఒక బిందె మంచినీళ్లకు మూడు బిందెలు బయటికి పోతాయని నాకు తెలుసు. ఈ ట్యాంకు వారానికి ఎన్ని నీళ్లు తాగుతుంది, ఎన్ని నీళ్లు పారబోయిస్తుంది? దాచకుండా చెప్పండి. ఆ లెక్క నచ్చకపోతే మానేస్తాను.


మిర్యాలగూడ వాసి:

మేడమ్, సూర్యలంక నీళ్ల ఆలోచన ఇక్కడే వదిలేయండి. నేను ఆ పని చేశాను. 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది తెచ్చాను. ఒడ్డు దగ్గర నీళ్లలో మట్టి ఎక్కువ, రెండు రోజులు కదల్చకుండా ఉంచినా తేరుకోలేదు, మూడో రోజుకు వాసన మొదలైంది. ఉప్పు కొలిస్తే వెయ్యింటికి 28 పాళ్లే ఉంది, ఉండాల్సింది 35. అప్పుడు కార్తీక మాసం. వానాకాలం నదుల నీళ్లన్నీ బంగాళాఖాతంలో కలిశాక తీరం వెంట ఉప్పు తగ్గుతుంది. మన సాగర్ గేట్లు ఎత్తితే దిగే నీళ్లు కూడా చివరికి ఆ చుట్టుపక్కల తీరానికే కదా చేరేది. ప్యాకెట్టు ఉప్పుతో అయితే ఏ నెల కలిపినా ఒకే నీళ్లు.


పాలమూరు కరెంటు పని:

అక్కా, నమస్తే. నేను మహబూబ్‌నగర్‌లో ఎలక్ట్రీషియన్ని. వైరింగ్, ఇన్వర్టర్లు, మోటార్ల పని. ఏడేళ్ల నుంచి ఉప్పునీటి ట్యాంకు ఉంది, సరిగ్గా మీరనుకున్న కొలతే. మీరు అడిగిన పద్ధతి నాకు నచ్చింది, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు మాట: ఈ పనిలో మనం పెంచేది చేపల్ని కాదు, నీళ్లని. మొదటి రెండు నెలలు ట్యాంకులో ఈత కొట్టేది ఏదీ ఉండదు, ఉండకూడదు. దానికి ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటేనే దిగండి.

వంటింటి ఆర్వో నీళ్లు 60 అన్నారు. తాగడానికి బాగుంటుంది, ట్యాంకుకు పనికిరాదు. ఇళ్లల్లో పెట్టే ఆర్వోల్లో చాలావాటికి రుచి కోసం కొంచెం ముడినీళ్లు కలిపే టీడీఎస్ స్క్రూ ఉంటుంది. ఆ 60లో ఏముందో మీటరు చెప్పదు. నైట్రేటు ఉండొచ్చు, ఫాస్ఫేటు ఉండొచ్చు, సిలికేటు ఉండొచ్చు. ఇవి నాచుకు తిండి. పైగా నీళ్లు ఆవిరైన కొద్దీ మళ్లీ మళ్లీ పోస్తాం కాబట్టి అవి ట్యాంకులో పోగవుతూనే ఉంటాయి. మనకు కావాల్సింది సున్నా. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ గొట్టం (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు నింపిన గొట్టం) ఒకటి పెడితే సున్నా వస్తుంది. ఇంకో సంగతి, రెసిన్‌కు బోరు నీళ్లు ఇవ్వకండి, నల్లా నీళ్లే ఇవ్వండి. 1100 టీడీఎస్ నీళ్లయితే మెంబ్రేన్ త్వరగా పోతుంది, రెసిన్ నెల కూడా రాదు. నల్లా నీళ్లలో క్లోరిన్ కలుపుతారు కాబట్టి మెంబ్రేన్ కన్నా ముందు కార్బన్ ఫిల్టరు తప్పనిసరి, లేకపోతే క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది.

ఇప్పుడు నాన్నగారు అడిగిన లెక్క. మొదటిసారి నింపడానికి 160 లీటర్లు. ఆ తర్వాత రెండు వారాలకోసారి ఒక 20 లీటర్లు మారుస్తారు. ఆవిరికి పోయేది మామూలు రోజుల్లో రోజుకు లీటరు నుంచి లీటరున్నర. ఎండకాలం ఫ్యాను పెడితే నా ట్యాంకులో ఐదు లీటర్ల దాకా పోతుంది. అంటే మామూలు వారంలో ఏడు నుంచి పది లీటర్లు ఆవిరికి, పది లీటర్లు మార్పిడికి. వేసవిలో నలభై దాటుతుంది. దానికి మూడింతలు ఆర్వో బయటికి వదిలే నీళ్లు. నేను ఆ గొట్టాన్ని డ్రమ్ములోకి పెట్టాను. బండలు తుడవడానికి, బాత్రూముకు, బండి కడగడానికి ఆ నీళ్లే. ఒక్క బకెట్టు కూడా మోరీలోకి పోనివ్వను. మొక్కలకు మాత్రం రోజూ పోయకండి, ఉప్పులు చిక్కబడిన నీళ్లవి, మట్టి పాడవుతుంది.

ఆవిరి సంగతి వచ్చింది కాబట్టి, నాకు జరిగింది చెప్పాలి. రెండో ఏడు మే నెల. మా అక్క కూతురి పెళ్లికి ఐదు రోజులు వనపర్తి పోయాను. ట్యాంకు మా తమ్ముడికి అప్పజెప్పాను. నీళ్లు తగ్గితే పొయ్యమన్నాను, గీత కూడా గీసి చూపించాను. పక్కన రెండు డ్రమ్ములు ఉన్నాయి, ఒకటి మంచినీళ్లది, ఒకటి కలిపి పెట్టిన ఉప్పునీళ్లది. ఏ డ్రమ్ములోవి పొయ్యాలో చెప్పలేదు. వాడు ఉప్పునీటి ట్యాంకు కదా అని ఉప్పునీళ్లు పోశాడు. వాడి ఆలోచనలో తప్పేం లేదు. కానీ ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రోజుకు ఐదు లీటర్లు, లీటరుకు 35 గ్రాములు, ఐదు రోజులు. దాదాపు 900 గ్రాముల ఉప్పు అదనంగా ట్యాంకులోకి పోయింది. నేను వచ్చేసరికి 35 ఉండాల్సింది 40 దాటింది. క్లీనర్ రొయ్యలు రెండూ ఇసుక మీద తెల్లగా, వెల్లకిలా పడి ఉన్నాయి. అరచేయంత విచ్చుకునే లెదర్ కోరల్ వక్కపొడి డబ్బా మూతంత అయిపోయింది, ముట్టుకుంటే తోలు ముక్కలాగా గట్టిగా ఉంది. చేపలు బతికాయి. ఆ రొయ్యలు నా చేతి మీదికి ఎక్కి గోళ్లు శుభ్రం చేసేవి అక్కా. అప్పటి నుంచి మంచినీళ్ల డ్రమ్ముకు నీలం పెయింటు వేశాను, దాని మీద "తగ్గితే ఇవే" అని రాశాను. ఉప్పునీళ్ల డ్రమ్ము వేరే అర్రలో ఉంటుంది. మీరు మొదటి రోజే ఈ పని చేయండి.

ఇక ఎండ. ట్యాంకు నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 28 దాకా ఓర్చుకుంటాయి, 30 దాటితే కోరల్స్ రంగు పోవడం మొదలవుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది. కూలరు ఎందుకు పనిచేస్తుందో, నీళ్ల మీదికి ఫ్యాను తిప్పితే ట్యాంకు చల్లబడేదీ అందుకే. నాలుగు డిగ్రీల వరకు దిగుతుంది. కానీ కూలరున్న గదిలో కిటికీ తెరిచి ఉంచినట్టే, ఇక్కడా గాలి బయటికి పోయే దారి ఉండాలి. తొలకరి పడ్డాక గాలిలో తేమ చేరుతుంది, కూలరు జిగటగా అయినట్టే ఫ్యాను కూడా పని మానేస్తుంది. నేను మొదటి ఏడు మే నెల దాటించి గట్టెక్కాననుకున్నాను, జూన్ మూడో వారంలో ఇబ్బంది పడ్డాను. అందుకే చిల్లర్, అంటే నీళ్లు చల్లబరిచే యంత్రం కొనక తప్పదు. నాకు ట్యాంకు, స్టాండు రెండింటికన్నా చిల్లర్‌కే ఎక్కువ అయింది. ముందే చెప్తున్నా, ఆ డబ్బు చేతిలో ఉన్నాకే గాజు కొనండి. చిల్లర్‌ను స్టాండు కింద అల్మారాలో మూసి పెట్టకండి. అది నీళ్లలోని వేడిని తీసి గదిలోకి వదిలే యంత్రం. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే తెలుస్తుంది కదా, అదే. మూసేస్తే తన వేడిలో తనే ఉడుకుతుంది.

కరెంటు నా పని కాబట్టి ఇది గట్టిగా చెప్తా. ఉప్పునీళ్లకు కరెంటు బాగా పారుతుంది. ట్యాంకు సాకెట్టుకు వేరే లైను లాగించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) పెట్టించండి, ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉందేమో చూపించండి. మన దగ్గర ఎండకాలం చాలా ఇళ్లల్లో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ప్రతి వైరూ సాకెట్టు కన్నా కిందికి ఒకసారి వేలాడి, మళ్లీ పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క కింది వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. పంపు వైరు తిన్నగా ప్లగ్గులోకి దిగిన ఇంట్లో బోర్డు నల్లగా మాడటం నా కళ్లతో చూశాను.

కరెంటు పోతే ముందు కరువయ్యేది ఆక్సిజన్. ఉప్పునీళ్లు మంచినీళ్ల కన్నా ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి, వేడెక్కితే ఇంకా తక్కువ. మీ గప్పీలు ఓర్చుకున్నంత సేపు ఇవి ఓర్చుకోవు. నీళ్లు తిప్పే వేవ్‌మేకరు ఎనిమిది పది వాట్లే. దాన్ని ఒక్కదాన్నే ఇంటి ఇన్వర్టర్ మీదికి మార్చండి, రాత్రంతా నడిచినా బ్యాటరీకి బరువు కాదు. చిల్లర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టకండి, స్టార్టయ్యేటప్పుడు గుంజుతుంది.

బరువు: నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు కలిపి పావు టన్ను దాటుతుంది. గోడ వారగా, కింద దూలం ఉన్న చోట పెట్టండి. తాండూరు బండలు పరిచిన హాలైతే లెవెల్ పెట్టి చూడండి, బండకూ బండకూ మధ్య తేడా ఉంటుంది. గాజు కింద థర్మాకోల్ షీటు వేయండి. ఇనుప యాంగిల్ స్టాండు వద్దు, ఎంత పెయింటు వేసినా ఉప్పు తినేస్తుంది.

చివరగా, వీడియోల్లో సంప్ సంప్ అంటుంటారు. మన ఇంటి ముందు భూమిలో ఉండే సంపు కాదు. ట్యాంకు కింద పెట్టే రెండో గాజు తొట్టి. అందులో స్కిమ్మర్ (నురగ చేసి నీళ్లలోని మురికి తీసే పరికరం), చిల్లర్ పంపు పెడతాం. పెట్టగలిగితే పెట్టండి, చాలా సుఖం.


సూర్యాపేట ల్యాబ్:

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. ఫ్లోరైడ్ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా. సముద్రపు నీళ్లలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది మేడమ్. తాగేనీటికి మన ప్రమాణం 1, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. అంటే కోరల్స్ పుట్టి పెరిగేదే ఆ మాత్రం ఫ్లోరైడ్‌లో. అయినా ఆర్వో దాన్ని దాదాపు తీసేస్తుంది. మీ ట్యాంకుకు ఫ్లోరైడ్ శత్రువు కాదు. మీ నాన్నగారి ఎముకలకు శత్రువైంది ఏళ్ల తరబడి రోజూ తాగడం వల్ల.

ఒక జాగ్రత్త. మన జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అని ఉంది కదా, నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు రూపొందించింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి. కొందరు ఇళ్లల్లో ఇప్పటికీ పటిక తిప్పిన నీళ్లు పట్టుకుంటారు. ఆ నీళ్లు ట్యాంకుకు వాడకండి. మిగిలిపోయే అల్యూమినియం మెత్తటి కోరల్స్‌ను ముడుచుకుపోయేలా చేస్తుంది.

మీరు సైన్స్ టీచర్ కాబట్టి సైక్లింగ్, అంటే చేపలు వేసే ముందు ట్యాంకులో మంచి బ్యాక్టీరియాను పెంచడం మీకు సులువు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఇవి రాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. వాటికి తిండిగా అమ్మోనియా కావాలని కొందరు పచ్చి రొయ్య వేసి కుళ్లబెడతారు, హాల్లో ఆ కంపు భరించలేరు. స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ 160 లీటర్లకు ఒక్క గ్రాము వేయండి, అమ్మోనియా 2 పీపీఎం దగ్గరికి వస్తుంది. ఒక్క గ్రామే. చెంచాతో కాదు, త్రాసుతో. రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైటు కొలిచి నోటుబుక్కులో రాయండి. వేసిన ఒక గ్రాము 24 గంటల్లో రెండూ సున్నాకు వచ్చిన రోజు మీ ట్యాంకు సిద్ధం. మంచినీటి ట్యాంకులో కొంచెం అమ్మోనియా ఉన్నా గప్పీలు బతికి ఉంటాయి. ఇక్కడ పీహెచ్ 8.2, ఆ పీహెచ్‌లో అమ్మోనియాలో విషపూరితమైన భాగం చాలా ఎక్కువ. ఆ అలవాటుతో తొందరపడకండి.

ఉప్పు కలిపేటప్పుడు డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. తిరగేస్తే కాల్షియం తెల్లగా గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది, మళ్లీ కరగదు. 160 లీటర్లకు ఆరు కిలోల వరకు పడుతుంది. వంటింటి ఉప్పు వద్దే వద్దు, అందులో సోడియం క్లోరైడ్ తప్ప సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లేవు. రాత్రంతా పంపు తిప్పి, పొద్దున రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు పాళ్లు కొలిచే మీటరు) చూడండి. ఆ మీటరును మామూలు నీళ్లతో సున్నా చేసి వదిలేయకండి, 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి.


జడ్చర్ల అమ్మాయి:

అక్కా, అందరూ నీళ్ల గురించి చెప్పారు, నేను రాళ్ల గురించి, కోరల్స్ గురించి చెప్తాను. ఇది చట్టం విషయం, చదివాకే ఏదైనా కొనండి.

మన దేశంలో రాతి కోరల్స్ అన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, 2001లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. పట్టుబడితే కనీసం మూడేళ్ల జైలు. వీడియోల్లో చూసే ఆక్రోపోరా, హ్యామర్, టార్చ్, బ్రెయిన్ కోరల్ ఇవన్నీ రాతి కోరల్సే. షాపులో "అందరూ పెంచుతున్నారు, ఏం కాదు" అంటారు. నాతోనూ అన్నారు. సముద్రపు విసనకర్రలు, నల్ల కోరల్, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు, జెయింట్ క్లామ్‌లు కూడా రక్షణలో ఉన్నవే. చచ్చిన కోరల్ ముక్కకు కూడా అదే చట్టం, అలంకారానికి పెట్టుకున్నా తప్పే. అందుకే లైవ్ రాక్ పేరుతో సముద్రం నుంచి తీసిన రాళ్లు అమ్మితే తీసుకోకండి, అందులో చాలా భాగం కోరల్ అస్థిపంజరమే. సన్న రంధ్రాలున్న సిరామిక్ రాళ్లు దొరుకుతాయి, బ్యాక్టీరియాకు అవి చాలు.

జీనియా, లెదర్, మష్రూమ్, జోవాంథిడ్ ఆ జాబితాలో లేవు. అయినా ఎవరైనా తమ ట్యాంకులో పెంచి కోసిన ముక్కలే తీసుకోండి, బిల్లు అడగండి. క్లౌన్ చేపలు కూడా హేచరీలో పుట్టినవే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వీటి పిల్లల్ని పెంచే పద్ధతి ఎప్పుడో నిలబెట్టారు, పట్టి తేవాల్సిన అవసరం లేదు. రెండూ చిన్నవే తీసుకోండి. పుట్టినప్పుడు అన్నీ మగవే, ఇద్దరిలో పెద్దది ఆడదిగా మారుతుంది. మీ బాబుకు ఇది చెప్పండి, ఏ ట్యూషన్లోనూ రాని పాఠం. నీలం టాంగ్ చేప అడిగితే మాత్రం ఒప్పుకోకండి, అది అడుగు దాకా పెరుగుతుంది.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జోవాంథిడ్స్ జాతిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. వాటిని చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కోయకూడదు, రుద్దకూడదు. అవి ఉన్న రాయి మీద వేడినీళ్లు ఎప్పుడూ పోయకూడదు. ఆవిరితో విషం గదంతా పాకి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు ఇతర దేశాల్లో ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దాయన ఉన్నారు, పిల్లాడున్నాడు. మొదటి ఏడాది జోవాంథిడ్స్ లేకుండా గడపండి. జీనియా ఒక్కటి చాలు, అదే పాకి రాళ్లన్నీ కప్పేస్తుంది. దాన్ని వేరే రాయి మీద, దూరంగా పెట్టండి.


పానగల్లు టీచర్:

ఇంత ఓపికగా రాసినందుకు ఏమని చెప్పాలో తెలియట్లేదు. తమ్ముడూ, మీ రొయ్యల సంగతి చదివి మా బాబు వెంటనే డ్రమ్ములకు రంగులు ఎంచుకున్నాడు. రాతి కోరల్స్ విషయం నాకు అసలు తెలియదు. మా లిస్టులో హ్యామర్ కోరల్ ఉంది, కొట్టేశాం.

లెక్క మా నాన్నకు చదివి వినిపించాను. వారానికి ఇన్ని లీటర్లు, బయటికి పోయేవి ఇన్ని, అవి బండలు తుడవడానికి. కాసేపు ఏం అనలేదు. తర్వాత, "ఆ డ్రమ్ము నాకు చూపెట్టు, ఎన్ని నీళ్లు పోతున్నయో నేను రాస్త" అన్నాడు. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నా.

ఒక అనుమానం మిగిలింది. జనవరిలో మా హాలు పొద్దుగాల బాగా చల్లగా ఉంటుంది. హీటరు కూడా కావాలా?


పాలమూరు కరెంటు పని:

కావాలి అక్కా. డిసెంబర్, జనవరి రాత్రులు ట్యాంకు 22కు దిగుతుంది. చలి కన్నా పగలూ రాత్రీ తేడా ఎక్కువ ఇబ్బంది. 150 వాట్ల హీటరు చాలు. చిల్లర్‌ను 26.5కు, హీటర్‌ను 24.5కు పెట్టండి. రెండింటి మధ్య రెండు డిగ్రీల ఖాళీ ఉంచకపోతే ఒకటి వేడి చేస్తుంటే ఇంకొకటి చల్లబరుస్తూ మీటరు తిరిగిపోతుంది. నీళ్లు మార్చేటప్పుడు హీటరు ఆపడం మర్చిపోకండి, నీళ్ల బయట వెలిగితే దాని గాజు గొట్టం పగులుతుంది.


పానగల్లు టీచర్:

మూడున్నర నెలల తర్వాత రాస్తున్నా. ఆలస్యమైంది, పదో తరగతి పరీక్షల డ్యూటీలు.

ముందు చిల్లరే కొన్నాం. నీళ్లు సున్నాకు వచ్చాయి. సైక్లింగ్ 38 రోజులు పట్టింది. 17వ రోజు నుంచి నైట్రైటు ఎక్కి దిగకుండా కూర్చుంది, నాకు టెన్షన్ పట్టుకుంది కానీ ఏమీ కలపలేదు, ఏమీ మార్చలేదు. 31వ రోజు ఒక్కసారిగా పడిపోయింది. ఆ వెంటనే ఇసుక మీద, గాజు మీద గోధుమ రంగు దుమ్ములాగా పట్టింది. డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు అని చదివాను. రోజూ గాజు తుడిచాం, మూడు వారాల్లో దానంతట అదే పోయింది.

ఇప్పుడు రెండు క్లౌన్లు ఉన్నాయి, హేచరీ పిల్లలు, బొటనవేలంత. వేరే చిన్న తొట్టిలో నాలుగు వారాలు ఉంచి చూశాకే వేశాం. జీనియా పది రోజుల కింద వచ్చింది. వచ్చిన రోజు తడిగుడ్డ పిండినట్టు వాలిపోయి ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి బాబు గడపలోనే నిలబడి, గుప్పిట మూసి తెరిచి చూపించాడు. మాట్లాడలేదు, అంతే చేశాడు. బ్యాగు కూడా దించకుండా పోయి చూశాను. ఒక కాడ మీద నాలుగు చేతులు మొదలుపెట్టాయి. మిగతావి ఇంకా నిద్రలోనే ఉన్నాయి.

నిన్న బయట 43. ట్యాంకు 26.4. ఫ్యాను, చిల్లర్ రెండూ నడుస్తున్నాయి, ఆవిరికి నాలుగున్నర లీటర్లు పోతున్నాయి. నీలం డ్రమ్ము మా నాన్న మంచం పక్కనే పెట్టాం. ఆయన వంగలేడు కాబట్టి డ్రమ్ముకు ఎత్తులో నల్లా బిగించి, సన్న గొట్టం ట్యాంకు దాకా లాగాం. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి గీత దాకా ఆయనే వదులుతాడు. పక్కన నోటుబుక్కులో రెండు వరసలు ఉంటాయి, ట్యాంకుకు పోసినవి, ఆర్వో బయటికి వదిలినవి. బయటికి వదిలినవి ఈ వారం 118 లీటర్లు. ఆ అంకె కింద పెన్సిలుతో గీత గీసి, ఇంటి ముందు కడగడానికి బోరు వెయ్యకండి, ఇవి వాడండి అని రాశాడు.

తమ్ముడూ, ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయించాం. ఎండిపోయే ఉంది.